ఎలక్ట్రానిక్ బోర్డుపై తెలుగు అక్షరం: సీరియల్ అనుసంధాన చరిత్ర

1. ప్రవేశిక

శ్రీరంగాపూర్ అనగానే వనపర్తి జిల్లా వారికి రంగనాయకస్వామి ఆలయం, దాని పక్కనున్న రంగసముద్రం చెరువు గుర్తుకు వస్తాయి. వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దంలో కట్టించిన ఆలయం అది. ఈ పాఠానికి మాత్రం మనకు ఆ ఊరి పేరు చాలు. బస్సు ముందు రేకు బోర్డు మీద పెయింటర్ ‘శ్రీరంగాపూర్’ అని సులువుగా రాసేవాడు. అదే పేరును ఎలక్ట్రానిక్ బోర్డు మీదికి ఎక్కించడం ఎందుకు కష్టమైంది? దీనికి సమాధానం సాంకేతిక చరిత్రలో ఉంది.

2. టెలిగ్రాఫ్ నుంచి యూఎస్‌బీ వరకు

ఒకే తీగ మీద సంకేతాలను ఒకదాని వెనుక ఒకటిగా పంపడాన్ని సీరియల్ పద్ధతి అంటారు. ఇది టెలిగ్రాఫ్ నాటిది. ఫ్రెంచి ఇంజనీరు ఎమిల్ బోదో 1870లలో ప్రతి అక్షరాన్నీ ఐదు సంకేతాలతో పంపే కోడ్ రూపొందించాడు. వేగాన్ని తెలిపే ‘బాడ్’ అనే మాట ఆయన పేరు నుంచే వచ్చింది.

1959లో వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ మొదలైంది. ఆ మరుసటి ఏడాదే, 1960లో, అమెరికాలో ఆర్‌ఎస్-232 అనే సీరియల్ ప్రమాణం వెలువడింది. తర్వాతి దశాబ్దాలలో కంప్యూటర్లకు ఈ పోర్టు సాధారణమైంది. 1996లో యూఎస్‌బీ వచ్చాక లాప్‌టాప్‌ల నుంచి పాత పోర్టు క్రమంగా కనుమరుగైంది. డిస్‌ప్లే మాడ్యూళ్లలో మాత్రం సీరియల్ పద్ధతి నిలిచిపోయింది. ఈ రెండు తరాలను కలపడానికి వచ్చిన సాధనమే యూఎస్‌బీ–సీరియల్ అడాప్టర్. మన దేశంలో టెలిగ్రామ్ సేవ 2013 జూలైలో ముగిసినా, దాని పద్ధతి ఇలా బతికే ఉంది.

3. అడాప్టర్ పనితీరు

అడాప్టర్‌ను తగిలించగానే కంప్యూటర్‌కు అది ఒక కామ్ పోర్టుగా కనిపిస్తుంది. అడాప్టర్ పంపే తీగను మాడ్యూల్ స్వీకరించే పిన్నుకు కలపాలి. రెండింటి గ్రౌండ్ ఒకటి కావాలి. రెండు వైపులా వేగం ఒకటే ఉండాలి. లేకపోతే పిచ్చి గీతలు వస్తాయి. ఒక హెచ్చరిక గుర్తుంచుకోండి: ఆర్‌ఎస్-232లో వోల్టేజీ ధన, రుణ దిశలలో 15 వరకు వెళ్లవచ్చు. చిన్న మాడ్యూళ్లు 3.3 లేదా 5 వోల్టులతో పనిచేస్తాయి. నేరుగా కలిపితే మాడ్యూల్ కాలిపోవచ్చు.

4. ఐదు అక్షరాలు, పన్నెండు సంకేతాలు

1980లలో జపాన్‌కు చెందిన హిటాచీ తయారుచేసిన హెచ్‌డీ44780 చిప్ చిన్న తెరలకు ఆధారమైంది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో పాటు జపాన్ వారి కటకానా లిపి కూడా ఉంది. తెలుగు లేదు. మనం సొంతంగా గీసుకోవడానికి ఎనిమిది గడులే ఉన్నాయి. ఒక్కో గడి వెడల్పు ఐదు చుక్కలు, ఎత్తు ఎనిమిది చుక్కలు. పైన గుడిదీర్ఘం, కింద రవత్తు ఉన్న ‘శ్రీ’ అందులో ఇమడదు.

1991లో భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం వచ్చింది. అదే ఏడాది యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ‘శ్రీరంగాపూర్’ కంటికి ఐదు అక్షరాలు. యూనికోడ్‌లో పన్నెండు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 36 బైట్లు. ఇంగ్లీషులో రాస్తే 11 బైట్లు చాలు.

అయితే ఇక్కడ అడ్డంకి వేగం కాదు. సెకనుకు 9600 బిట్ల వేగంలో, బైటుకు 10 బిట్ల లెక్కన, 960 బైట్లు వెళ్తాయి. 36 బైట్లకు సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. ఆ పన్నెండు సంకేతాలను ఐదు రూపాలుగా కూర్చే జ్ఞానం చిన్న మాడ్యూల్‌కు లేదు. అందుకే అక్షరాలను కంప్యూటర్‌లోనే కూర్చి, బొమ్మగా మార్చి పంపుతారు. అడ్డం 128, నిలువు 64 చుక్కలున్న ఒకే రంగు తెరకు 1024 బైట్లు కావాలి. అంటే సెకను కంటే కొంచెం ఎక్కువ.

5. ముగింపు

తీగకు భాష లేదు; అది బిట్లను మోస్తుంది, అంతే. చిప్‌లో ఏ లిపి ఉండాలో నిర్ణయించింది దాన్ని తయారుచేసినవారు. జపాన్ వారు తమ లిపికి చోటిచ్చుకున్నారు. తెలుగు ఒక్కటే చదవగలిగిన ప్రయాణికురాలికి ఇంగ్లీషు బోర్డు ఖాళీ బోర్డుతో సమానం. ఆ ఖాళీని నింపే పని ఇప్పుడు మీకూ సాధ్యమే. సాంకేతిక పరిమితిగా కనిపించే దాని వెనుక మనుషుల నిర్ణయం ఉంటుందేమో వెతకడమే చరిత్ర విద్యార్థి పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరి పేరులో కంటికి కనిపించే అక్షరాలెన్ని? యూనికోడ్ సంకేతాలెన్ని? లెక్కించి రాయండి.