ఉత్తమ అధ్యాపకుడి పేరు ఎవరు రాయాలె?

ఏటా సెప్టెంబర్ 5 వస్తది. నిజామాబాద్ కాలేజీల్లో శాలువాలు, జ్ఞాపికలు, పొగడ్తలు. 1962 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును ఉపాధ్యాయ దినంగా జరుపుతున్నారు. ఆయన 1888లో పుట్టిండు. మాదరి భాగయ్య, అంటే భాగ్యరెడ్డి వర్మ పుట్టింది కూడా 1888లోనే, మే 22న. ఉర్దూ రాజభాషగా ఉన్న హైదరాబాద్‌లో, 1910లోనే, అంటరాని పిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టిండు. మొదటి పుట్టినరోజు మాకు ఒకటో తరగతి నుంచే పండుగ. రెండో ఆయన బడుల సంగతి డిగ్రీ అయ్యేదాకా మాకెవరూ చెప్పలేదు.

పురస్కారాల చరిత్ర అంటే పేరు పంపేటోళ్ల చరిత్రే అని మా వాదన. అంబేడ్కర్‌నే చూద్దాం. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా చేరిండు. ఆయన పాఠం వినడానికి వేరే కాలేజీల విద్యార్థులు వచ్చి కూర్చునేవారు. స్టాఫ్ రూములో మాత్రం తమ కుండలో ఆయన నీళ్లు తాగొద్దని తోటి అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. ఆ కాలేజీలో ఉత్తమ అధ్యాపక పురస్కారం ఉండి ఉంటే, పేరు ప్రతిపాదించే అధికారం ఎవరి చేతిలో ఉండేది? కుండ కాపాడుకున్నోళ్ల చేతిలోనా, పాఠం విన్నోళ్ల చేతిలోనా?

బడి పంతుళ్లకు జాతీయ పురస్కారాలు 1958లో మొదలైనయి. వాటిని ఉన్నత విద్య అధ్యాపకులకు విస్తరించింది 2023లో. నిజామాబాద్ జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం, డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ, 2006లోగాని రాలేదు. అంతకుముందే ఈ జిల్లాకు నీళ్లొచ్చినయి, ఫ్యాక్టరీ వచ్చింది. నిజాంసాగర్ 1931లో పూర్తయింది, బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో లేచింది. చెరుకు నరికిన వాడలకు కాలేజీ గడప మాత్రం మా తరంలోనే అందింది.

ఆ గడప దాటించిన సారు ఒకాయన ఉన్నడు. గంటల లెక్కన జీతం. సాయంత్రం హాస్టల్ వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి, ఊరికి పోయినప్పుడు చెరుకు తూకం చీటీ ఒకటి అడిగి తెమ్మన్నడు. టన్ను ధర ఎంత, బండి కిరాయి ఎంత, నరికినోళ్లకు దక్కింది ఎంత, అన్నీ బోర్డు మీద వేయించిండు. అర్థశాస్త్రం మాకు ఆ రోజు అర్థమైంది. చీటీ మీద ఆసామి పేరుంది. చెరుకు కొట్టిన మా అవ్వ, బాపుల పేర్లు లేవు.

మా కాలేజీ నుంచి ఉత్తమ అధ్యాపకుల పేర్లు పంపిన ప్రతిసారీ ఆ సారు పేరు లేదు. పర్మినెంటు కాదన్నారు. పాఠం మాత్రం పర్మినెంటుగానే మిగిలింది.

ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతబడింది. చీటీలు పోయినయి గాని ఆ లెక్క పోలేదు. అందుకే మేం అడిగేది ఇది: పేర్లు ప్రతిపాదించే హక్కు విద్యార్థులకు, అందులో మొదటి తరం విద్యార్థులకు ఉండాలి. కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులను లెక్కలోకి తీసుకోవాలి. ఏ కులం వాళ్ల పేర్లు ఎన్ని పంపారో బయటపెట్టాలి.

చెరుకు కొట్టినోళ్ల పేరు లేని చీటీ మళ్లీ కాలేజీలో రాయొద్దు.