టౌ మాంసకృత్తు పూర్వచరిత్ర

జీవకణములో సూక్ష్మనాళికలను సన్నని గొట్టములు కలవని స్పష్టపడినది 1963లో. లెడ్‌బెటర్, పోర్టరులు వృక్షకణములను గ్లూటరాల్డిహైడులో భద్రపఱచి, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, వానికా పేరు స్థిరపఱచిరి. అంతకుముందు వాడిన రసాయనములలో ఆ సుకుమారనిర్మాణములు చాలవఱకు నశించుచుండెను.

1972లో వైజెన్‌బర్గు ఎలుకమెదడు రసములోని కాల్షియమును బంధించి, జీటీపీ యను రసాయనమును చేర్చి, దేహోష్ణమునకు తెచ్చినంతనే, ఆ నాళికలకు మూలమగు ట్యూబ్యులిను అను మాంసకృత్తు యొక్క విడివిడి అణువులు తమంతట తామే గొట్టములుగా కూడుకొనుటను చూపెను. వెచ్చదనమునకు మసకబారి, మంచులో నుంచిన మరల తేటపడు నా ద్రవము ప్రయోగశాలలలోని మనోహరదృశ్యములలో నొకటియని నా యభిప్రాయము.

అయినను, శుద్ధిచేసిన ట్యూబ్యులినున కా శక్తి సన్నగిల్లుట యేల? ప్రిన్‌స్టనులో మార్క్ కిర్ష్‌నరు బృందమువారు పందిమెదళ్లనుండి తీసిన ద్రవమును ఫాస్ఫోసెల్యులోజు నింపిన స్తంభముగుండ పంపిరి. ట్యూబ్యులిను క్రిందికి జాఱెను. ఋణావేశము గల ఫాస్ఫోసెల్యులోజు మఱియొక మాంసకృత్తును పట్టి నిలిపెను. జాఱిన ట్యూబ్యులిను వెచ్చఁజేసినను గొట్టము కట్టదయ్యెను. స్తంభమునుండి గాఢమైన లవణద్రవముతో విడిపించిన రెండవదానిని కలిపినంతనే కట్టెను. వేఱుచేసి, లోటును గుర్తించి, మరల కలిపి నిరూపించిన యీ పరీక్షయందలి సరళత నన్నెంతయు నాకర్షించినది. 1975లో ప్రకటించిన వ్యాసమున వారు దానికి 'టౌ' యను గ్రీకు అక్షరమును పేరుగా నొసఁగిరి.

పదేండ్లు గడచుసరికి, ఆల్జైమరు అను వైద్యుఁడు 1906లో ఒక రోగిణి మెదడునందు వర్ణించిన చిక్కుముడులలో నున్నది, నాళికలను విడిచి, మితిమీఱి ఫాస్ఫేటులను తగిలించుకొని, తనలో తాను పెనవైచికొనిన ఈ టౌయే యని వెల్లడియయ్యెను.