కిస్తు వసూల్, జవాబ్‌దారీ గాయబ్

2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు మైక్రోఫైనాన్స్ కంపెనీల బ్రాంచీలకి తాళాలేశారు. ఒకటీ రెండూ కాదు, యాభైకి పైగా. ఎక్కువ శాతం స్పందన, షేర్ అనే రెండు పెద్ద కంపెనీలవే. ఎక్కువ సూద్ లాగుతున్నారని, జబర్‌దస్తీ వసూళ్లు చేస్తున్నారని, ఆ బెదిరింపులకి జనం ప్రాణాలు తీసుకుంటున్నారని ఇల్జామ్‌లు. దేశంలో ఈ కారోబార్ మీద పడిన మొదటి పెద్ద దెబ్బ అదే. 2010లో రాష్ట్రమంతా రగిలిన కథ అందరికీ యాద్ ఉంది. దానికి నాలుగేళ్ల ముందే మా జిల్లాలో రిహార్సల్ జరిగిందన్న సంగతి చాలామంది మరిచిపోయారు.

బాపులపాడు మండలం, హనుమాన్ జంక్షన్, అటు నూజివీడు. ఇప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలో, బాపులపాడు కృష్ణాలో ఉన్నాయి గానీ అప్పుడు అంతా ఒకే జిల్లా. మామిడి ఇలాకా. తోట కూలీకి నాలుగు డబ్బులు కళ్లజూసే మౌసమ్ ఏప్రిల్ నుంచి జూన్ దాకా. కాయ కోత, గ్రేడింగు, ప్యాకింగు, లారీ లోడు, అన్నీ ఆ మూడు నెలల్లోనే. మిగతా నెలలు దొరికిన పని. కంపెనీ కిస్తు మాత్రం వారం వారం. పూత రాలినా, గాలివానకి కాయ నేలపాలైనా, కిస్తు రోజు మారదు.

హిసాబ్ చూద్దాం. మా వైపు వడ్డీని శాతాల్లో చెప్పుకోరు. నూటికి నెలకి రూపాయి, రెండ్రూపాయలు, పావలా అంటారు. పదివేల అప్పు మీద పన్నెండున్నర శాతం అని కంపెనీ వాళ్లు చెబితే వినేవాళ్లకి అది రూపాయి వడ్డీలాగే వినిపించింది. పదివేలకి 1,250 కలిపి, 50 వారాలకి పంచితే వారానికి 225 కిస్తు. అయితే అసలు వారం వారం తగ్గిపోతూ ఉంటుంది కదా. ఏడాది మొత్తంలో సగటున ఆ మనిషి చేతిలో ఉన్నది ఐదువేల పైచిలుకే. 1,250 వడ్డీ దాని మీద పడిందన్నమాట. అంటే ఏడాదికి 25 శాతం దాకా. రూపాయి కాదు, రెండ్రూపాయలు దాటిన సూద్. మోసం అనేంత మాట ఎందుకు, దస్తఖత్ పెట్టించుకున్న కాగితం మీద లెక్క అంతా ఉందిగా అనే వకీళ్లూ ఉన్నారు. ఉంది. చదవలేని మనిషి చేత పెట్టించారు, అంతే.

అదే కాలంలో హుకూమత్ డ్వాక్రా సంఘాలకి పావలా వడ్డీ పథకం నడుపుతోంది. రాజశేఖరరెడ్డి సర్కారు 2004లో మొదలుపెట్టింది. బ్యాంకు వడ్డీలో ఏడాదికి 3 శాతం పైన ఉన్నదాన్ని సర్కారే భరించేది. అంటే ఈ బజార్లో హుకూమత్ కూడా ఒక దుకాణం పెట్టుకుంది. తాళాలు పడ్డప్పుడు కంపెనీలు ఈ మాటే ఎత్తాయి: మా పోటీదారే మాకు కొత్వాల్ అయితే ఇన్సాఫ్ ఎక్కడిది అని. సగం నిజమే. తర్వాత కంపెనీలు కాస్త వడ్డీ తగ్గిస్తామన్నాయి, మర్యాద నియమాలు రాసుకున్నాయి, తాళాలు తెరుచుకున్నాయి.

ఇక్కడ జుల్మ్ ఎలా సాగేదో చెప్పాలి. కర్రలు పట్టుకున్న గూండాలు రారు. అప్పు ఐదారుగురు ఆడవాళ్ల గ్రూపుకి ఇస్తారు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. అందుకని పక్కింటావిడే వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. వసూల్ కుర్రాడు సైకిల్ దిగి చెట్టు కింద ఎదురు చూస్తాడు. ఇజ్జత్ పోయేది నలుగురిలో. రేపు ఎవరైనా ప్రాణం తీసుకుంటే ముజ్రిమ్ ఎవరు? తిట్టిన పక్కింటావిడా, కూర్చోబెట్టిన కుర్రాడా, ఆ కుర్రాడికి వారం టార్గెట్ ఇచ్చిన మేనేజరా, పైన షేర్లు అమ్ముకున్న మాలిక్‌లా?

2010 ఆగస్టులో ఎస్కేఎస్ కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్లి వెయ్యిన్నర కోట్లకి పైగా తెచ్చుకుంది. షేరు 985 రూపాయలు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబర్‌లో, రోశయ్య సర్కారు ఆర్డినెన్స్ తెచ్చింది. జిల్లాలో రిజిస్టర్ అవ్వాలి, కిస్తు నెలకోసారే, వడ్డీ మొత్తం అసలుని మించకూడదు, జబర్‌దస్తీ చేస్తే మూడేళ్ల దాకా ఖైద్. వడ్డీ అసలుని దాటరాదనేది ఈ దేశంలో పాతకాలపు కానూన్. మా బఖరా సూరాలో కూడా తంగీలో ఉన్న బాకీదారుకి మొహ్లత్ ఇమ్మనే హుకుం ఉంది. కొత్త ఆర్డినెన్స్‌లో ఈ పాత మాటలు చూసి నాకు ఖుషీ అనిపించింది, అబద్ధమెందుకు.

కానీ అసలు సవాల్ వేరే. బెదిరించడం, ఆత్మహత్యకి పురికొల్పడం అప్పటి ఐపీసీలో 506, 306 కింద ముందునుంచీ నేరాలే. 2006లోనూ ఉన్నాయి. కొత్త కానూన్ లేక పోలీసులు ఆగలేదు. హుకూమత్‌ని అడిగితే, వాళ్లు రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టరైన కంపెనీలు, ఢిల్లీ, ముంబై చూసుకోవాలంది. అటు అడిగితే లా అండ్ ఆర్డర్ రాష్ట్రం పని. రాజ్యాంగంలోనూ అంతే: వడ్డీ వ్యాపారం రాష్ట్రాల జాబితాలో 30వ అంశం, బ్యాంకింగ్ కేంద్ర జాబితాలో 45వది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న సందులోకే మా ఆడవాళ్లు పడిపోయారు.

2006లో రిజర్వ్ బ్యాంకు గవర్నర్ వై.వి. రెడ్డి, కడప మనిషి. 2010లో దువ్వూరి సుబ్బారావు, పుట్టింది మా పక్కనే ఏలూరులో. ఇద్దరూ తెలుగువాళ్లే. సుబ్బారావు హయాంలో 2010 మార్చి నుంచి 2011 అక్టోబర్ దాకా రెపో రేటు 13 సార్లు పెరిగింది, 4.75 నుంచి 8.50కి. పేదల మీద భారం అదేనని తక్రీర్లు చేసిన లీడర్లున్నారు. సరే, దాన్నీ హిసాబ్ కడదాం. పైన చెప్పిన పదివేల అప్పులో సగటు బాకీ ఐదువేలు అనుకోండి. ఒక శాతం పెరిగితే ఏడాదికి యాభై రూపాయలు, వారానికి రూపాయి. 13 సార్లు పెంచిందంతా పేదమనిషి నెత్తినే పెట్టినా 225 కిస్తు 229 దాటదు. వారానికి నాలుగు రూపాయలకి ఎవరూ ప్రాణం తీసుకోరు.

కాబట్టి రిజర్వ్ బ్యాంకుని రెపో రేటు మీద అడగడం ఫజూల్. అడగాల్సింది వేరే: 2006లో మా జిల్లాలో ఇంత గోల జరిగినా, ఈ కంపెనీలకి వేరే ఖానా, వేరే నియమాలు పెట్టడానికి 2011 డిసెంబర్ దాకా ఎందుకు పట్టింది? మధ్యలో మాలేగాం కమిటీ వచ్చింది, 2011 మేలో 26 శాతం హద్దు వచ్చింది. కమిటీ ఒక మాట కూడా అంది: మా సిఫారసులు ఒప్పుకుంటే ఆంధ్ర కానూన్ అక్కర్లేదని. 2022లో రిజర్వ్ బ్యాంకు వడ్డీ హద్దు ఎత్తేసింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకులో రిజిస్టరైన కంపెనీలకి ఆ రాష్ట్ర కానూన్ వర్తించదని ఫైస్లా ఇచ్చింది.

రాజకీయాలవాళ్ల జవాబ్ ఇంకా సులువు. ఊళ్లలోకి వచ్చి కిస్తులు కట్టొద్దన్నారు, జనం ఆపేశారు, నూటికి 99 వచ్చే వసూళ్లు పదికి అటూ ఇటూగా పడిపోయాయి. ఆ తర్వాత ఆ ఊళ్లలో కొత్త అప్పు దొరక్క మళ్లీ ఐదు రూపాయల వడ్డీ షావుకారి గుమ్మమెక్కినవాళ్లని అడగడానికి ఏ లీడరూ రాలేదు. ఇక మౌత్‌ల సంగతి. కొన్ని ఆత్మహత్యలకీ ఎస్కేఎస్ సిబ్బందికీ సంబంధం ఉందని కంపెనీ చేయించిన దర్యాప్తుల్లోనే తేలిందని 2012 ఫిబ్రవరిలో అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. కంపెనీ ఇన్కార్ చేసింది.

2025 ఫిబ్రవరి 7న రిజర్వ్ బ్యాంకు దాదాపు ఐదేళ్ల తర్వాత మొదటిసారి రెపో తగ్గించింది, 6.50 నుంచి 6.25కి. అదే వారంలో కర్ణాటక హుకూమత్ వసూళ్ల జుల్మ్ మీద ఆర్డినెన్స్ పంపితే, పదేళ్ల ఖైద్ మరీ ఎక్కువని గవర్నర్ ముందు వాపస్ చేసి, తర్వాత 12న దస్తఖత్ చేశారు.