మంటకు జర ఎడంగ కూసో బిడ్డా

నెగడుకు అంత దగ్గరికి జరగకు బిడ్డా. చలి నాకూ తెలుసు గని, నువ్వు కప్పుకున్నది నిప్పుకు ఓర్చే బట్ట కాదు. ఒక్క రవ్వ పడితె కరిగి ఒంటికి అంటుకుంటది. మెత్తగుందని, మీద పూలు బాగున్నయని కొనుక్కొచ్చినవు. ఇగో, దాని అంచుకు ఏలాడే పోగొకటి తెంపియ్యి. పుల్లకు చుట్టి మంటల పెడుత. చూసినవా, కరిగి నల్లపూస లెక్క గట్టిపడ్డది. ఇప్పుడు నా గొంగడి పోగు చూడు. చుర్రుమన్నది, ఎంటికలు కాలిన వాసనొచ్చింది, మంటలకెళ్లి తీయంగనే ఆరిపోయింది. ఏళ్ల మధ్య నలిపితె బూడిద. ఉన్ని కంబళి అని ఎవరన్న నీ చేతుల పెడితె, ఒక్క పోగు అడిగి ఇట్ల కాల్చి చూడు.

ఈ గొంగడి మా నాయన కొన్నది. నాకప్పుడు పదేండ్లు. 18 రూపాలు పెట్టిండు, అదీ హాలి సిక్క. హాలి సిక్క అంటె నీకెట్ల తెలుస్తది? నిజాం రూపాయి. 7 హాలి రూపాలిస్తె 6 కల్దార్లు, అంటె ఇంగ్లీషోళ్ల రూపాలు, వచ్చేటియి. హైదరాబాద్ రాజ్యం 1948ల ఇండియాల కలిసినా ఆ రూపాయి 1959 దాక నడిచింది. సంతకు పోతె సగం పొద్దు ఈ మార్పిడి లెక్కలకే పోయేది. వేళ్లు మడిచి లెక్కపెట్టేటోళ్లు, మడిచిన వేలు మరిచి మల్ల మొదటికి వచ్చేటోళ్లు. సరే తియ్యి, రూపాయి ముచ్చట పట్టుకుంటె యాడ ఏసిన గొంగడి ఆడనే ఉంటది.

మా ఊర్ల కురుమోళ్ల ఇండ్లు చెరువుకట్ట కింద ఉండేటియి. యాడాదికి రెండు మార్లు గొర్లకు బొచ్చు కత్తిరించేటోళ్లు. ఆడోళ్లు రాట్నం మీద వడికేటోళ్లు, మొగోళ్లు గుంట మగ్గం మీద నేసేటోళ్లు. పోగుకు బలం రావాలని చింతగింజల గంజి కాచి పట్టించేటోళ్లు. ఆ దినం వాడంత అదే వాసన. రంగు అద్దుడు లేదు. నల్ల గొర్రె బొచ్చే నల్ల గొంగడి.

మా నాయన మెత్తదనం చూడలేదు. గొంగడిని ఎండకు ఎత్తిపట్టి చూసిండు. చుక్కల్లెక్క ఎలుతురు కనబడితె నేత పలచనన్నట్టు. దోసెడు నీళ్లు చల్లిండు, తామరాకు మీద లెక్క నిలబడ్డయి. గొర్రె బొచ్చుల ఉండే జిడ్డు గుణం అది. అంత చూసినంక గూడ, కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు, నాకొక చిన్న గొంగడి ముక్క కొసరు అడిగిండు. వడుకుతున్న ముసలమ్మ నవ్వింది. బొచ్చు గొర్రె మీద పెరగాలె గని నా చేతుల పెరగదు కద పటేలా అన్నది.

కొత్తల గుచ్చుకుంటది, దాచేదేమున్నది. లోపల పాత పంచె కప్పుకొని పైన గొంగడి ఏసుకునేటోళ్లం. ఏండ్లు గడిచినకొద్ది మెత్తవడుతది. గొంగట్ల కూసోని తినుకుంట ఎంటికలు ఏరినట్టు, బొచ్చుదాన్ని కప్పుకొని బొచ్చు గుచ్చుకుంటదని ఏడిస్తె ఎట్ల? గొర్లు కాసేటోనికి వానల అదే కొప్పెర, రాత్రికి అదే పక్క, చుట్టమొస్తె అదే పరుపు. ఉన్ని తన బరువుల 30 శాతం దాక తేమ తాగినా చేతికి తడి తగలదు. అందుకే వానల తిరిగొచ్చినోడు గూడ అండ్ల ఎచ్చగ పండేది.

ఇప్పుడు మా చిన్నబావ ముచ్చట చెప్పాలె. కొత్తగ పెండ్లయి మా ఇంటికొచ్చిండు. అత్తగారి మెప్పు కోసం ఓ గొంగడిని కాగుల సోడా ఏసి ఉడకవెట్టిండు, బండ మీద బాదిండు. ఆరినంక చూస్తె సగమైంది, అట్ట లెక్క మందమైంది. ఉన్ని ఎంటికకు చేపకున్నట్టు సన్న పొలుసులుంటయి బిడ్డా. ఉడుకునీళ్లల్ల నలిపితె ఒకదాంట్ల ఒకటి చిక్కుకుంటయి, మల్ల ఇడిపోవు. మా అమ్మ ఒక్క మాట అనలేదు. దాన్ని తీసుకపోయి కొత్తగ పుట్టిన దూడకు కప్పింది. పాపం, బావ ఆ పూట తలెత్తి అన్నం తినలేదు.

గొంగడిని ఊకె పిండొద్దు. ఎండల ఆరేసి కట్టెతోని దులిపితె శానా మట్టుకు చాలు. తప్పదనుకుంటె చల్లనీళ్లు, కుంకుడుకాయ రసం. నానవెట్టి ఒత్తి తియ్యాలె, మెలివెట్టొద్దు. తడిదాన్ని తాడు మీద ఏలాడదీస్తె నీళ్ల బరువుకు సాగుతది, నులక మంచం మీద పరిచి నీడల ఆరవెట్టు. పెట్టెల పెట్టేముందు చెమట మరకలు లేకుండ చూడు, పురుగు మొదలు ఆడనే పడుతది. మడతల ఎండిన వేపాకు ఏసినా సరే, నడుమనడుమ తీసి ఎండ చూపించాలె. ఈ గొంగడి ఇన్నేండ్లు ఉన్నదంటె మా అమ్మ, మీ నాయినమ్మ ఆ పని ఒక్క యాడాది గూడ తప్పలేదు.

ఇసొంటిది ఇప్పుడు దొరుకుడు కష్టం. మాంసానికి గిరాకి పెరిగి మందలల్ల నెల్లూరు పొట్టేళ్లను కలిపిండ్రు. నెల్లూరు జాతికి ఉన్ని రాదు, ఒళ్లు నున్నగుంటది. పుట్టిన పిల్లలకు తరం తరానికి బొచ్చు తగ్గింది. మంద కాసేటోన్ని నేను తప్పువట్ట. బొచ్చుకు ధర లేనప్పుడు ఆయిన గూడ పిల్లలను సాదుకోవాలె. గొంగడి అడిగేటోళ్లు లేకపోవుడే అసలు దెబ్బ.

సంక్రాంతి ఎల్లినంక కొమురవెల్లి మల్లన్న జాతరకు పోతం గద. తొవ్వల యాడనన్న రాట్నం ముందల కూసున్న ముసలమ్మ కనబడితె బండి ఆపు. ఎండకు ఎత్తిపట్టి చూడు, నీళ్లు చల్లి చూడు. నచ్చితె ఆమె చెప్పిన ధర చేతులవెట్టు. మా నాయన లెక్క కొసరు మాత్రం అడగకు.