నాగు నుంచి ఓడీ దాకా

మా నాయనమ్మది మిర్యాలగూడ దగ్గరి పల్లె. ఎవరన్నా అప్పు మాట ఎత్తితే చాలు, "నాగు తెచ్చుకునుడంటే నాగుపామును ఇంట్లకు తెచ్చుకునుడే బిడ్డా" అనేది. చిన్నప్పుడు నవ్వేదాన్ని. మావారు పోయి, సూర్యాపేటలో మా ఇంటి కాగితాలు బ్యాంకు తనఖాలో ఉన్నాయని గుర్తొచ్చిన రోజున ఆ మాటకు అర్థం తెలిసింది.

నాగు అంటే ధాన్యం అప్పు. నిజాం కాలంలో విత్తనాలకో, తిండిగింజలకో కరువైన రైతు దొర దగ్గరో షావుకారు దగ్గరో గింజలు తెచ్చుకునేవాడు. పంట రాగానే బస్తాకు బస్తాన్నర కొలవాలి. కొలవలేకపోతే మిగిలినది అసలులో కలిసి, మరుసటి ఏడు దాని మీదా వడ్డీ పడేది. కొలమానం వాళ్లదే, లెక్కల పుస్తకం వాళ్లదే, వేలిముద్ర మాత్రం మనది. తీర్చలేనివాళ్ల భూములు పోయేవి. భూమి లేనివాళ్లు జీతగాళ్లుగా చాకిరీ చేసి తీర్చాలి. దాన్ని భగేలా అనేవారు. 1936లో నిజాం ప్రభుత్వం దీన్ని అదుపు చేయడానికి నిబంధనలు తెచ్చినా, గడీ గోడల లోపలికి అవి పెద్దగా చేరలేదు.

అందుకే 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో సంఘాలు గడీల మీదికి వెళ్లినప్పుడు ధాన్యం పంచడంతో ఆగలేదు. అప్పు పత్రాలు బయటికి తెచ్చి తగలబెట్టాయి. ఆ పోరాటానికి గుండెకాయ మన పాత నల్లగొండ జిల్లాయే. మనిషిని కట్టేసింది కాగితమని ఆ చదువురాని జనానికి బాగా తెలుసు.

తర్వాత కాలం మారింది. 1967లో సాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు వరి పండింది, రైస్ మిల్లులు లేచాయి. 1969లో 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. 1982లో డ్వాక్రా పథకం, 1992లో పొదుపు సంఘాలకు బ్యాంకు రుణాలు మొదలయ్యాయి. మా అమ్మ కోదాడలో తన పేరున పాస్‌బుక్కు వచ్చిన రోజున దాన్ని దేవుడి పటం ముందు పెట్టింది. కానీ పాత పాము పూర్తిగా పోలేదు. వారం వారం కిస్తీల మైక్రోఫైనాన్స్ అప్పులతో ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటుంటే, 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది.

ఇక నా సంగతి. మావారికి దుకాణం మీద ఐదు లక్షల ఓడీ ఉండేది. ఇంటి మీద తనఖా లోను వేరే, నెలకు 14,200 కిస్తీ. ఆయన పోయేనాటికి ఓడీలో వాడింది మూడు లక్షలు. దుకాణం మూతపడింది. ఇద్దరు పిల్లలు, పెద్దది ఇంటర్. కిస్తీ తప్పితే ఇల్లు పోతుందన్న భయంతో ఎనిమిది నెలలు ఓడీలోంచి తీసి కిస్తీ కట్టాను. ఒక్క నెల కూడా తప్పలేదని గర్వపడ్డాను కూడా.

ఒకరోజు స్టేట్‌మెంటు తెచ్చుకుని పిల్లల నోటుబుక్కులో లెక్క రాశాను. నేను తీసింది 1,13,600. ఓడీ మాత్రం 4 లక్షల 43 వేలు దాటింది. నూటికి నెలకు రూపాయి వడ్డీ, కట్టక అసలులో కలుస్తోంది. నాయనమ్మ నాగు ఇదే కదా! ఒక అప్పు తీరుస్తున్నాననుకుంటూ ఇంకోదాన్ని మేపుతున్నాను.

చట్టం ప్రకారం వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే చనిపోయినవారి అప్పుకు బాధ్యులు. కానీ నేను రెండింటికీ సహదరఖాస్తుదారుగా సంతకం చేశాను. చదవకుండా. బి.ఏ. చదివిన నా సంతకమూ ఆనాటి వేలిముద్ర లాంటిదే అయింది.

ఆ వారమే బ్యాంకుకు వెళ్లి, ఓడీని నెలసరి కిస్తీల లోనుగా మార్చమని అర్జీ పెట్టుకున్నాను. మూడుసార్లు తిరిగాక ఒప్పుకున్నారు. గాజులు అమ్మి కొంత అసలు తగ్గించాను. ముందు గది అద్దెకిచ్చాను, సాయంత్రాలు తెలుగు ట్యూషన్లు చెబుతున్నాను. గడువు పెరిగింది కాబట్టి మొత్తం మీద వడ్డీ ఎక్కువే పడుతుంది. అయినా ప్రతి నెలా అసలు కొంత తగ్గడం కళ్లారా చూస్తున్నాను.

కిస్తీలు 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండిబాకీ అవుతుంది. అప్పుడు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. అది వచ్చేదాకా ఆగకండి, మాట్లాడే సమయం అంతకు ముందే.

ఆనాటి వాళ్లు కాగితం కాల్చారు, వాళ్లకు వేరే దారి లేదు. మనకు చదివే దారి ఉంది. ఈ రాత్రి మీ ఇంటాయన్ను అడగండి, మన ఇంటి మీద ఏమేమి అప్పులున్నాయి, నేను ఎక్కడెక్కడ సంతకం పెట్టానని. కోపగించుకున్నా సరే, అడగండి. నేను అడగలేదు.