ఇనుప రిమ్ముల చప్పుడు

తుపాకులు, కత్తులు, ఇనుప టోపీలు పెట్టిన గదిలో సైకిలుకేం పని? ఆవపల్లి నుంచి వచ్చి మలేసియాలోని పేరాక్ రాష్ట్రంలో స్థిరపడ్డ మనిషికి అక్కడి మ్యూజియంలో అంతుపట్టనిది అదొక్కటే. నల్లటి సైకిలు, వెనక క్యారియరు. ఆవపల్లి సంతకు వెళితే అలాంటివి ఎన్నయినా కనిపిస్తాయి.

ఆ దేశాన్ని ఓడించిన ఆయుధాల్లో అదొకటని తర్వాత తెలిసింది.

1941 డిసెంబరు 8న జపాన్ సేనలు, అప్పట్లో మలయా అనే ఆ దేశంలో, కోట బారు తీరాన దిగాయి. డివిజనుకు దాదాపు 6,000 సైకిళ్లు. చాలకపోతే ఊళ్లలో లాక్కున్నారు. జపాన్ సైకిళ్లు మలయాలో అప్పటికే అమ్ముడయ్యేవి కనక విడిభాగాలకు కొదవ లేదు. వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సేనలు వంతెనలు పేల్చేసేవి. జపాన్ ఇంజనీర్లు ఏట్లో నిలబడి భుజాల మీద దుంగలు మోస్తే, వాటి మీదుగా సైనికులు సైకిళ్లతో దాటిపోయేవారు. దాడికి పథకం వేసినవాళ్లలో ఒకడైన కర్నల్ త్సుజి సగటు లెక్క రాసిపెట్టాడు: రోజుకు రెండు పోరాటాలు, నాలుగైదు వంతెనల మరమ్మతు, 20 కిలోమీటర్ల ముందడుగు.

ఎండకు ట్యూబులు పగిలేవి. అతుకులు వేసే తీరిక లేకపోతే టైర్లు పీకేసి వట్టి రిమ్ముల మీదే తొక్కేవారు. చీకట్లో వందల రిమ్ములు తారు రోడ్డు మీద గరగరమంటుంటే ట్యాంకులు వస్తున్నాయనుకుని భయపడ్డవాళ్లున్నారు.

ఆవపల్లి వైపు బరువు కట్టిన సైకిలును ఎవరూ తొక్కరు, తోస్తారు. రెండు పక్కలా బస్తాలు, సీటు వెనక నిలువుగా బిగించిన కర్ర. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండోది కర్ర మీద. వాగొస్తే బస్తాలు దించి ముందు వాటిని, తర్వాత సైకిలును భుజాన దాటిస్తారు. ట్యూబు పోతే టైర్లో గడ్డి కుక్కుతారు. ఇప్పపువ్వు వాసన వేసే ఆ సైకిళ్లనూ, సైన్యాల సైకిళ్లనూ ఒక గాటన కట్టడం న్యాయం కాదు. అయినా మ్యూజియంలో ఆ సైకిలు ముందు ఆ మనిషికి గుర్తొచ్చింది సంత దారే.

డిసెంబరు 30 నుంచి నాలుగు రోజులు కంపార్ దగ్గర జపాన్ వాళ్లకు దారి దొరకలేదు. అక్కడి గుట్టల మీద కందకాలు తవ్వుకుని భారతీయ, బ్రిటిష్ సైనికులు నిలబడ్డారు. జనవరి 2న పంజాబ్ రెజిమెంటు సిక్కు కంపెనీ ఒకటి బయొనెట్లతో ఎదురు దూకింది. దాన్ని నడిపించిన కెప్టెన్ గ్రాహమ్ మోర్టారు దెబ్బకు రెండు కాళ్లూ పోయినా తన వాళ్లను ముందుకే పొమ్మన్నాడు. ఆ గాయాలతోనే చనిపోయాడు. ఈలోగా జపాన్ దళాలు పడవల్లో తెలుక్ ఆన్సన్ వైపు దిగడంతో, వెనక దారి మూసుకుపోతుందని కంపార్‌ను వదలాల్సి వచ్చింది.

జనవరి 7 తెల్లవారుజామున స్లిమ్ నది దగ్గర ట్యాంకులు విరుచుకుపడ్డాయి. మొదట దెబ్బతిన్నది 19వ హైదరాబాద్ రెజిమెంటు నాలుగో బెటాలియను. పేరు చూసి మనవాళ్లే అనుకుంటాం. నిజాం కాలపు దళాల నుంచి వచ్చిన పేరది. అప్పటికి అందులో ఎక్కువమంది అహీర్లు, జాట్లు, కుమావోనీలు. 1945లో దాని పేరే కుమావోన్ రెజిమెంటుగా మారింది. ఏ ఊరి పిల్లలైనా వాళ్లు చనిపోయింది అక్కడి రబ్బరు తోటల్లో.

జనవరి 11న కౌలాలంపూర్, ఫిబ్రవరి 15న సింగపూర్ పోయాయి. పుస్తకాల్లో మలయా యుద్ధం అక్కడితో సరి.

తెలుక్ ఆన్సన్ పక్కనే బగాన్ దాతో. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు పనిచేసిన కొబ్బరి తోటలు అక్కడే. తోట కూలీలకు అసలు కష్టం సైకిళ్లు దాటిపోయాకే మొదలైంది. సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుదారి వెయ్యడానికి జపాన్ వాళ్లు మలయా తోటల నుంచి తమిళుల్నీ తెలుగుల్నీ తరలించారు. కలరా, మలేరియా, ఆకలి. వేలమంది తిరిగి రాలేదు.

ఆ తోటల్లో ఒకింట ఆవపల్లి మనిషికి భోజనం పెట్టిన పెద్దావిడ, తన తాతను అలాగే పట్టుకెళ్లారని చెప్పింది. ఎక్కడ పోయాడో ఎవరూ చెప్పలేదు, తిథి తెలీదు. "అందుకే బాబూ, ఏటా మాలయ అమావాస్య నాడే ఆయన పేరున ఆకు వేస్తాం" అంటూ మళ్లీ అన్నం వడ్డించింది.