ప్రశ్నించు విద్య: డెబ్‌కాన్ఫ్ పుట్టుపూర్వోత్తరాలు

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అను లినక్స్ నిర్వహణ వ్యవస్థలో, తొలినాళ్లలో, ప్యాకేజీలను, అనగా సాఫ్ట్‌వేరు మూటలను, ఇన్‌స్టాల్ చేయుటయన్న, పని ముగియువరకు తెరయెదుట కావలి యుండుటయే. ప్రతి ప్యాకేజీతోను వచ్చు స్క్రిప్టులు, ఫైళ్లు ఒకవైపు విప్పబడుచుండగనే, తమకు తోచిన తరుణమున, తోచిన మాటలలో ప్రశ్నించి, సమాధానము వచ్చుదాక కదలకుండెడివి. ఏది ఎంచుకొనిన నేమగునో చెప్పు వివరణ కొన్నిటికి ఉండెడిది, కొన్నిటికి లేదు. నిన్న ఇచ్చిన జవాబును నేడు మార్చుకొనుటకు అన్నిటికిని చెల్లు మార్గమును లేకుండెను.

ఈ అవస్థను తీర్చుటకై విచర్ట్ ఆకర్‌మన్, జోయీ హెస్ ఒక నిర్దేశపత్రమును రచింపగా, దాని ననుసరించి హెస్ 1999లో పెర్ల్ భాషలో డెబ్‌కాన్ఫ్‌ను నిర్మించెను. ప్రశ్నను స్క్రిప్టునుండి విడదీసి, దాని రకము, డిఫాల్టు విలువ, ఒక పంక్తి శీర్షిక, దానిక్రింద విపులమైన వివరణ మొదలగు అంగములతో టెంప్లేటులో నిలిపి, ఫైళ్లు విప్పుటకు ముందే అడిగి, జవాబును భద్రపరచుట ఇందలి కీలకము.

నా దృష్టిలో ఇంతకంటె గొప్పది ప్రతి ప్రశ్నకును నిర్ణయించు ప్రాధాన్యక్రమము. డిఫాల్టు దాదాపు అందరికిని సరిపోవు ప్రశ్న ‘లో’; సమంజసమైన డిఫాల్టు గలది ‘మీడియం’; అట్టిది లేనిది ‘హై’; మనిషి కల్పించుకొననిచో వ్యవస్థయే చెడిపోగలది ‘క్రిటికల్’. మామూలుగా ‘హై’కి దిగువనున్న వేవియు వినియోగదారుని పలుకరింపవు. పోస్ట్‌ఫిక్స్ అను ఈమెయిలు సర్వరును చూడుడు: ఉత్తరములను నేరుగా ఇంటర్నెట్టులో పంపి పుచ్చుకొనుటయా, పంపుట మరొక యంత్రమున కప్పగించుటయా, ఈ యంత్రముపై ఖాతాలు గలవారికే పరిమితము చేయుటయా అని అడుగుచు, ఒక్కొక్క దారి ఎట్టిదో ఆ తెరపైననే విప్పి చెప్పును. దీనికి యంత్రము ఊహించి చెప్పగల జవాబు లేదు. కనుకనే అడుగుట న్యాయము.

ప్రశ్నను ఏ రూపమున చూపవలెనో నిర్ణయించునది వేరొక భాగము గనుక, ఒకే ప్రశ్న అక్షరముల తెరపైనను చిత్రముల కిటికీలోను కనబడును. అందువలననే, “అవును అని జవాబిచ్చినచో” అని వ్రాయవలదని ప్రశ్నలు వ్రాయువారిని డెబియన్ మార్గదర్శకము హెచ్చరించుచున్నది. ఆ చోట టిక్కుపెట్టు గడి మాత్రమే కానవచ్చు పాఠకునకు ఆ వాక్యము అర్థరహితమగును గదా! ఇంతటి సూక్ష్మమైన శ్రద్ధ నాకు మిక్కిలి ప్రీతిపాత్రము.

2005లో డెబియన్ 3.1తో వచ్చిన కొత్త ఇన్‌స్టాలరు సైతము ఈ పద్ధతిమీదనే నిలిచెను, 2007లో 4.0తో దానికి చిత్రరూపమును సమకూడెను. ప్రశ్నల పాఠము ప్రోగ్రామునుండి వేరుపడియుండుటచే అనువాదకులు దానిని తమ తమ భాషలలోనికి మార్చగలిగిరి. సంయుక్తాక్షరములను చూపజాలని అక్షరముల తెరను విడిచి, చిత్రరూపమున నేడు ఆ ప్రశ్నలు తెలుగులోను చదువుకొనవచ్చును.